ఇన్‌స్టాగ్రాం: మొదలుపెట్టేవారికి ఒక పాఠం

మన కళాశాలలో ఈ ఏడు చేరిన జూనియర్ మిత్రులలో చాలామందికి సొంత ఫోను చేతికి వచ్చింది ఇంటర్ పాసయ్యాకనే. హాస్టల్లో దిగిన మొదటి వారంలోనే పక్క మంచం వాడు అడిగే ప్రశ్న "ఇన్‌స్టా ఐడీ ఏంది?" అని. లేదని చెప్పడానికి నామోషీ. అంచేత ఆ రాత్రికే ఎవరో ఒక సీనియరు ఫోను లాక్కొని రెండు నిమిషాల్లో అకౌంటు తెరిచి చేతిలో పెడతాడు. ఏ బటను ఎందుకు నొక్కాడో వాడు చెప్పడు, వీడు అడగడు. ట్రాక్టరు తోలడం నేర్పేవాడు కూడా క్లచ్చి ఏది, బ్రేకు ఏది అని చెప్పిన తర్వాతనే కదా స్టీరింగు ఇస్తాడు! సిలబస్‌లో లేని ఆ పాఠాన్ని నాకు చేతనయినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. ఫిజిక్సు చదివేవాణ్ణి గనుక మధ్యలో కొంత కాంతిశాస్త్రం దూరుతుంది. విసుగనిపించినవారు ఆ భాగం దాటేయవచ్చు గాని, దాటవద్దనే నా మనవి.

ముందుగా దీని పుట్టుక గూర్చి నాలుగు మాటలు. 2010 అక్టోబరు 6న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ అనే ఇద్దరు యువకులు దీన్ని విడుదల చేశారు. క్రీగర్ బ్రెజిల్ దేశస్థుడు. అంతకుముందు వాళ్ళు తయారుచేసిన యాపు పేరు బర్బన్. ఎక్కడున్నామో చెప్పుకోవడం, ఎప్పుడు కలుద్దామో అనుకోవడం, ఫొటోలు పెట్టుకోవడం, అన్నీ అందులో కలగాపులగం. జనం ఫొటోల భాగం తప్ప తక్కినవేవీ పెద్దగా వాడటం లేదని గమనించి, ఆ ఒక్కటీ ఉంచి మిగిలినవన్నీ తీసేశారు. అరటిలో పిలకలన్నీ కోసేసి ఒక్కదాన్ని వదిలినట్టు. ఇన్‌స్టంట్ కెమెరా, టెలిగ్రాం అనే రెండు మాటలు అతికించి పేరు పెట్టారు. మొదటి రోజే పాతికవేల మంది చేరారు. 2012 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. అదే నెలలో ఫేస్‌బుక్ వారు దీన్ని వంద కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆ సంస్థలో పనిచేసేవారు పదముగ్గురు!

మా వేముల మండలం పల్లెలకు ఇది రావడానికి ఇంకో నాలుగైదేళ్ళు పట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక చేసింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రాం వారు రీల్స్ అనే పొట్టి వీడియోలను మన దేశంలో మొదలుపెట్టారు. టిక్‌టాక్‌లో చిందులు వేసిన మా పక్క ఊరి డ్రైవరన్న వారం తిరక్కుండా రీల్స్‌లోకి వచ్చి అవే చిందులు వేశాడు. అంగడి మారింది, సరుకు మారలేదు.

ఫొటో అంటే లెక్కల పుస్తకం

నేను తోటలో గెల ఫొటో తీస్తూంటే మా జేజి ఒకసారి "అది యాడికి పోతుందిరా అబ్బీ?" అని అడిగింది. మంచి ప్రశ్న. నిజంగా యాడికి పోతుంది?

ఫోను కెమెరా వెనక గోరంత కూడా లేని సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద కోటికి పైబడిన గుంతలు. గుంత అంటే గుంత కాదు. కాంతి పడితే ఎలక్ట్రానులు పోగయ్యే చోటు. వాన కురిసినప్పుడు పెరట్లో గిన్నెలు బోర్లించకుండా వెల్లకిల పెడితే, ఎక్కడ ఎంత వాన పడిందో గిన్నెలోని నీళ్ళు చెప్పినట్టు, ఎక్కడ ఎంత వెలుగు పడిందో ఈ గుంతలు చెప్తాయి. అయితే గిన్నెకు నీళ్ళ రంగు తెలియదు. ఈ గుంతకూ అంతే. వెలుగు ఎంతో తెలుసు గాని ఏ రంగో తెలియదు. కోడాక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. 1976లో ఆయనకు పేటెంటు వచ్చింది. ప్రతి గుంత మీదా ఒక రంగు అద్దం. నాలుగు గుంతలు తీసుకుంటే రెంటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. మనిషి కన్ను ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది గనుక దానికి రెండు వంతులు. అరటి తోటకు కెమెరాలోనే పెద్ద పీట వేశారన్నమాట!

అదే కోడాక్‌లో 1975లో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైచిలుకు. ఫొటోలో చుక్కలు నూటికి నూరు, అంటే పదివేలు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఈనాడు మన జేబులోని మామూలు ఫోను ఒక్క నొక్కుడుకు 4032 పొడవు, 3024 వెడల్పు గల ఫొటో తీస్తుంది. గుణిస్తే ఒక కోటీ ఇరవై రెండు లక్షల చుక్కలు. చుక్కకు మూడు రంగులు, రంగుకు ఒక బైటు చొప్పున మూడు కోట్ల అరవై ఆరు లక్షల బైట్లు. కాని ఫోనులో చూస్తే ఫైలు మూడు నాలుగు మెగాబైట్లే ఉంటుంది. మిగతాది ఎక్కడికి పోయింది?

ఇక్కడ మనం గర్వించదగిన కథ ఒకటుంది. బెంగుళూరులో పుట్టి అమెరికాలోని కాన్సస్‌లో పాఠాలు చెప్పిన నసీర్ అహ్మద్, చిత్రాలను కుదించే గణిత పద్ధతి ఒకటి ఊహించి, పరిశోధనకు డబ్బు కావాలని 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగాడు. వారు ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందన్నారట. ఆయన తన శిష్యుడు టి. నటరాజన్‌తోనూ, మిత్రుడు కె.ఆర్. రావుతోనూ కలిసి పని సాగించి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించాడు. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి. 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం' అనే ఆ పద్ధతి మీదనే 1992లో జెపెగ్ ప్రమాణం నిలబడింది. మనం రోజూ పంపుకొనే ఫొటోల్లో చాలా భాగం ఆ బాపతువే.

పద్ధతి వినడానికి పెద్దగా ఉన్నా పని చేటతో చెరగడం లాంటిది. ఫొటోను ఎనిమిదింటికి ఎనిమిది, అంటే 64 చుక్కల చదరాలుగా కోస్తారు. ప్రతి చదరంలో 64 వెలుగు అంకెలుంటాయి. వాటిని అలాగే రాయకుండా, "ఈ చదరంలో నెమ్మదిగా మారే అల ఎంత, వేగంగా మారే అల ఎంత" అని 64 రకాల కొసైన్ అలలుగా విడదీసి రాస్తారు. ఆకాశం ఉన్న చదరంలో నెమ్మది అల ఒకటి రెండు తప్ప మిగతావన్నీ సున్నాకు దగ్గరగా వస్తాయి. ఆ చిన్న అంకెలను పొట్టులా చెరిగి పారేస్తారు. గింజ మిగులుతుంది. పైగా మన కన్ను వెలుగు తేడాను పట్టినంతగా రంగు తేడాను పట్టదు గనుక రంగు వివరాన్ని ఇంకా ఎక్కువ చెరుగుతారు. కన్నుకు తెలియదు.

కానీ ఒక్కసారి చెరిగి పారేసింది తిరిగి రాదు. ఒకే పెళ్ళి ఫొటోను వాట్సాప్‌లో పదిమంది ఒకరి తర్వాత ఒకరు దించుకుని మళ్ళీ కొత్తగా ఎక్కిస్తూ పోతే మొహాలు బూజు పట్టినట్టు అవుతాయి. అందుకు కారణం మీ ఫోను కాదు, పదిసార్లు పట్టిన చేట. ఇన్‌స్టాగ్రాం వారు కూడా మన ఫొటోను 1080 చుక్కల వెడల్పుకు కుదిస్తారు. 1080కి 1440 అనుకుంటే పదిహేను లక్షల యాభై అయిదు వేల చుక్కలు. మీరు తీసినదాంట్లో ఎనిమిదో వంతు. అందుచేత అసలు ఫొటోను ఫోనులోనో పెన్‌డ్రైవులోనో దాచుకోండి. "ఇన్‌స్టాలో ఉంది కదా" అని అసలును చెరిపేసుకోవడం, విత్తనం వడ్లను దంచుకు తినడం ఒకటే.

తీసే పద్ధతి

మన కడప ఎండ గురించి మీకు చెప్పనక్కరలేదు. మిట్టమధ్యాహ్నం తీసిన మొహంలో కళ్ళ చోట రెండు నల్ల గుంతలు పడతాయి. ఉదయం ఆరు నుంచి ఏడున్నర, సాయంత్రం అయిదు తర్వాత వెలుగు ఏటవాలుగా వస్తుంది. ఆకు ఈనెలు, మట్టి బెడ్డలు కూడా నీడతో సహా లేస్తాయి. తీసేముందు లెన్సు తుడవండి. తోటలో అరటి పాలు, చెమట, దుమ్ము అంటిన వేలితోనే ఫోను పట్టుకుంటాం, ఫొటో మసకగా వస్తే కంపెనీని తిడతాం. తెరమీద ఎవరి మొహం ముఖ్యమో అక్కడ వేలు పెడితే వెలుగు ఆ మొహానికి సరిపోయేట్టు కెమెరా సర్దుకుంటుంది. జూము చేయకండి, నాలుగడుగులు ముందుకు నడవండి. జూములో చాలాభాగం ఉన్న చుక్కలను సాగదీయడమే.

అరటి ఆకు మీద సిగటోక మచ్చలు కనిపిస్తే ఫొటో తీయవలసిన తీరు వేరు. ఆకు పై భాగం దగ్గరగా ఒకటి, అడుగు భాగం ఒకటి, చెట్టంతా కనిపించేట్టు ఒకటి, కొలతకు పక్కన ఒక రూపాయి బిళ్ళ. అవి కృషి విజ్ఞాన కేంద్రం వారికి పంపవలసినవి, ఇన్‌స్టాగ్రాంలో పెట్టవలసినవి కావు. అక్కడ పెడితే వందమంది వంద మందులు చెప్తారు, వారిలో తొంభై మంది చేను మొహం చూడనివారు.

అకౌంటు తెరవడం

ఇప్పుడు అసలు పని. యాపును ప్లేస్టోరు నుంచే దించుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కి దించుకోవద్దు. పదమూడేళ్ళు నిండనివారికి ఇందులో అకౌంటు లేదు. పద్దెనిమిది లోపు వారికి 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో 'టీన్ అకౌంటు' అనే కట్టుదిట్టం పెట్టారు. అది దానంతట అదే ప్రైవేటుగా ఉంటుంది. పుట్టిన తేదీ అబద్ధం చెప్పి ఆ గడప దాటే తమ్ముళ్ళు చాలామందే ఉన్నారు. ఇంట్లో అలాంటి తమ్ముడుంటే మీరే కూర్చోబెట్టి చెప్పండి, నాయనకు చెప్పి తన్నించవద్దు.

యూజర్‌నేము ఇంగ్లీషు అక్షరాలతోనే ఉండాలి. అంకెలు, చుక్క, అడుగు గీత పెట్టుకోవచ్చు. ముప్ఫై మించరాదు. దాని కింద కనిపించే పేరు మాత్రం చక్కగా తెలుగులో రాసుకోవచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. యూజర్‌నేములో పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు, ఊరి పేరు వద్దు. కులం తోక, అభిమాన నాయకుని పేరు కూడా ఎందుకు? రేపు ఉద్యోగానికి పిలిచేవాడు ముందు చూసేది అదే. ఇహ "సీమ పులి" అని పెట్టుకున్నవారు మా క్లాసులోనే నలుగురున్నారు. పులిమందల అనే మాటే పులివెందుల అయిందంటారు గాని, ఆ మందలో కూడా ఇన్ని పులులు ఉండి ఉండవు.

తెరిచిన వెంటనే సెట్టింగులలోకి వెళ్ళండి. మెనూల పేర్లు ఏటా మారుతుంటాయి గనుక వరుస చెప్పను, పని చెప్తాను. మొదటిది, అకౌంటును ప్రైవేటు చేయడం. అప్పుడు మీరు ఒప్పుకున్నవారికే మీ ఫొటోలు కనిపిస్తాయి. పద్దెనిమిది దాటిన మనకు అది దానంతట అదే పడదు, మనమే నొక్కాలి. రెండవది, రెండంచెల తాళం. పాస్‌వర్డు తెలిసినా రెండో కోడు లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. ఆ కోడును "అన్నా, పొరపాటున నీకు వచ్చింది, చెప్పు" అని మీ స్నేహితుడి అకౌంటు నుంచే మెసేజి వస్తుంది. అడుగుతున్నది స్నేహితుడు కాదు, వాడి అకౌంటు దొంగిలించినవాడు. ఫోను చేసి గొంతు వినండి. మూడవది, మిమ్మల్ని ఎవరైనా ఫొటోలో ట్యాగు చేస్తే ముందు మీ అనుమతి అడిగేట్టు పెట్టుకోవడం. కాంటాక్టులు ఇమ్మని అడుగుతుంది, ఇవ్వనక్కరలేదు. లొకేషన్ అడుగుతుంది, అదీ అక్కరలేదు.

లొకేషన్ అన్నాను గనుక ఇంకో మాట. ఫొటో తీసినప్పుడు కెమెరా ఆ ఫైలులోనే తేదీ, సమయం, చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి పెడుతుంది. ఇన్‌స్టాగ్రాంలో పెట్టిన ఫొటోలో అవి చూసేవారికి కనిపించవు. కాని అదే ఫొటోను క్వాలిటీ తగ్గకూడదని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఆ రాతంతా అలాగే పోతుంది. ఇంటి గుమ్మంలో తీసిన ఫొటో అయితే ఇంటి దారి చెప్పినట్టే.

అకౌంటు లేని అమ్మి

ఇంతవరకు చెప్పినది అకౌంటు ఉన్నవారికి. లేనివారికి ఏ గొడవా లేదని మన పల్లెల్లో నమ్మకం. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా చిన్నాయన కూతురు డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ అమ్మికి ఇన్‌స్టాగ్రాంలో అకౌంటు లేదు. "ఆడపిల్లకు ఆ ఫొటోల యవ్వారమేంది" అని మా జేజి, "అవసరం లేదు" అని చిన్నాయన. నిరుడు ఒక పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటోను ఎవరో బంధువులు అందరికీ కనిపించేట్టు పెట్టారు. దాంట్లోంచి ఆ అమ్మి మొహం కత్తిరించి, ఆ అమ్మి పేరుతోనే ఎవరో దొంగ అకౌంటు తెరిచారు. ఊళ్ళోని పిల్లకాయలకు ఆ పేరుతో మెసేజీలు పోవడం మొదలయింది. వారం రోజులకు సంగతి చిన్నాయన చెవిన పడింది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. "సదువూ వద్దు గిదువూ వద్దు. ఇంటికాడ ఉండమను" అన్నాడు. బస్సు పాసు తీసి బీరువాలో పెట్టేశాడు.

అప్పుడు ఆ అమ్మి నాతో అన్న మాట: "అన్నా, నేను ఫోనే ముట్టుకోల్యా గదా. నా సదువెందుకు మానాల?"

నా దగ్గర జవాబు లేదు. పని మాత్రం చేశాం. ముందు ఆ దొంగ అకౌంటును, దాంట్లోని ఫొటోలను, మెసేజీలు అందుకున్న పిల్లకాయల ఫోన్లలోని మెసేజీలను స్క్రీన్‌షాట్లు తీశాం. అకౌంటు లింకు కాపీ చేసి రాసుకున్నాం. రిపోర్టు చేయకముందే ఇవి తీసుకోవాలి. అకౌంటు పోయిన తర్వాత సాక్ష్యం ఉండదు. ఆ తర్వాత నా అకౌంటు నుంచి ఆ పేజీలోని మూడు చుక్కలు నొక్కి, "వేరే వ్యక్తిలా నటిస్తున్నారు" అనే కారణం ఎంచుకుని రిపోర్టు చేశాను. అకౌంటు లేనివారు కూడా హెల్ప్ సెంటరులోని ఫారం నింపి, తమ గుర్తింపు కార్డు జతచేసి ఫిర్యాదు చేయవచ్చు. ఆ అమ్మి చేత అదీ చేయించాను. కేంద్ర ప్రభుత్వపు సైబర్‌క్రైం పోర్టల్‌లో మహిళల, పిల్లల ఫిర్యాదులకు విడిగా ఒక భాగం ఉంది. అక్కడ కూడా రాశాం. (1930 అనే ఫోను నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకు. డబ్బు పోతే మాత్రం మొదటి గంటలోనే దానికి ఫోను చేయాలి.)

అకౌంటు పోయింది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. చిన్నాయనకు నేను చెప్పింది చట్టం సంగతి: ఒకరి పేరుతో మోసంగా నటించడం 2000 సంవత్సరపు ఐటి చట్టం 66డి సెక్షను కింద నేరం, 2021లో వచ్చిన ఐటి నిబంధనలు ఇలా మరొకరిలా నటించే వాటి మీద బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీ గడువులోగా చర్య తీసుకోవాలని చెప్తున్నాయి. ఆయన విన్నాడు గాని, ఆయన్ను కదిలించింది చట్టం కాదనుకుంటాను. ఆ అమ్మికి అకౌంటు లేదు గనుక ఆ దొంగ అకౌంటు నిజమైనదే అని ఊరు నమ్మింది అన్న మాట దగ్గర ఆయన తల ఎత్తాడు. పోల్చి చూడటానికి అసలుది లేదు మరి! బస్సు పాసు బీరువాలోంచి బయటికి వచ్చింది. ఆ అమ్మి ఇప్పుడు కాలేజికి పోతోంది. చిన్నాయన మాత్రం సాయంత్రం బస్సు టయానికి రోడ్డు మీదికి వచ్చి నిలబడుతున్నాడు, ఇదివరకు నిలబడేవాడు కాదు.

ఇంతకన్నా ఘోరమైనవి కూడా జరుగుతాయి. అసభ్యంగా మార్చిన ఫొటోలతో బెదిరించడం వాటిలో ఒకటి. దానికి 2021 డిసెంబరులో స్టాప్ ఎన్‌సిఐఐ అనే ఏర్పాటు వచ్చింది. సైన్సు విద్యార్థులకు ఇది తెలియాలి. ఆ ఫొటోను ఎవరికీ పంపనక్కరలేదు. మీ ఫోనులోనే ఆ ఫొటో నుంచి హాష్ అనే పొడుగాటి అంకె తయారవుతుంది. ఫొటోకు వేలిముద్ర లాంటిది. అంకె నుంచి ఫొటోను తిరిగి తయారుచేయలేరు. ఆ అంకె మాత్రమే కంపెనీలకు పోతుంది. అదే వేలిముద్ర గల ఫొటోను ఎవరైనా ఎక్కించబోతే యంత్రం పట్టుకుంటుంది. ఇది పద్దెనిమిది దాటినవారికి. చిన్నవారికి 2023లో టేక్ ఇట్ డౌన్ అనే అలాంటిదే ఒకటి వచ్చింది. బెదిరించేవాడికి డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇచ్చినవాణ్ణి వాడు వదలడు. ఇంట్లో చెప్పలేకపోతే ఒక అధ్యాపకుడికో, అక్కకో చెప్పండి. మన కళాశాలలో చెప్పుకోలేక పరీక్షలు మానేసినవారు ఉండకూడదనే నేను ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది.

ఎవరిని చూడాలి, ఎంతసేపు

మొదట్లో ఇన్‌స్టాగ్రాంలో ఫొటోలు పెట్టిన వరుసలోనే కనిపించేవి. 2016 నుంచి యంత్రం మన అలవాటు చూసి వరుస మారుస్తోంది. ఒక వీడియో దగ్గర మీ బొటనవేలు ఎంతసేపు ఆగిందో అది లెక్క పెట్టుకుంటుంది. కోడిపందెం దగ్గర ఆగితే రేపు పది కోడిపందేలు. తిట్టుకుంటూ చూసినా అది చూసినట్టే లెక్క. కంపెనీకి రాబడి ప్రకటనల మీద గనుక మనం ఎంతసేపు కూర్చుంటే వారికి అంత లాభం. అంగడివాడు ఊరికే టీ పొయ్యడు. నచ్చనిదాని మీద 'ఆసక్తి లేదు' అని నొక్కుతూ పోతే వారం పది రోజుల్లో దారికొస్తుంది. ఇస్రో, నాసా వారి పేజీలు ఫాలో అయితే అవీ మధ్యలో తగులుతుంటాయి. లైకుల సంఖ్య కనపడకుండా పెట్టుకొనే వీలు 2021 నుంచి ఉంది. నేను పెట్టుకున్నాను, మనసుకు హాయిగా ఉంది.

రోజుకు గంట అనుకోండి. ఏడాదికి 365 గంటలు. పగలూ రాత్రీ కలిపి పదిహేను రోజులు. మన సెమిస్టరు పరీక్షల సెలవులకన్నా ఎక్కువ!

ఏం పెట్టాలి

"అన్నీ సరే, ఏం పెట్టమంటావు?" అంటారు. జమ్మలమడుగు దగ్గరి గండికోట ఫొటో లేని అకౌంటు మన జిల్లాలో అరుదు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారిన లోయ, కోటలోని మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ చూడదగినవే. ఐతే అందరూ ఒకే బండ అంచున కాళ్ళు వేలాడేసి అదే ఫొటో దిగుతారు. కిందికి చూస్తే లోతెంతో తెలుస్తుంది. లైకుల కోసం ఆ అంచున వెనక్కి నడిచేవారిని చూస్తే నా ఒళ్ళు జలదరిస్తుంది.

అదే గండికోట పేరు మీదున్న జలాశయంలో 2020లో నీరు నింపినప్పుడు మునిగిన ఊళ్ళలో తాళ్ళప్రొద్దుటూరు ఒకటి. ఆ వీధులు, ఆ రచ్చకట్టలు ఇప్పుడు ఫొటోల్లోనే మిగిలాయి. అక్కడివారు ఎవరైనా మన కళాశాలలో ఉంటే, తమ పాత ఇంటి ఫొటోలు, అవి ఏ వీధివో, ఏ ఏడాదివో రాసి పెట్టాలని నా కోరిక. పెళ్ళి ఆల్బంలో మొహాల వెనక కనిపించే గోడ కూడా పనికొస్తుంది.

మా వేముల వైపు చూపించదగినది ఇంకొకటుంది. మా ప్రాంతపు డోలమైటు రాతి పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు వేంపల్లె పేరే పెట్టారు. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది ఆ పొరలోనే. దానిలో కొన్నిచోట్ల ఉల్లిగడ్డ కోసినట్టు వంపు తిరిగిన సన్న పొరలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు, 180 కోట్ల ఏళ్ళకు ముందు లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు కట్టిన గుర్తులు. మేము చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుని చీనీకాయలు తిన్నాం, ఎవరూ చెప్పలేదు. అలాంటి రాయి కనబడితే ఏటవాలు ఎండలో, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి. కింద తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. 2,200 అక్షరాల దాకా చోటుంది. రాయిని మాత్రం పగలగొట్టి తెచ్చుకోవద్దు. గని లోపలి భాగాలు, అణు ఇంధనానికి సంబంధించిన కట్టడాలు అనుమతి లేకుండా తీయరాదు, చట్టం ఒప్పుకోదు. పొలంలో పనిచేసే కూలీలను తీసేటప్పుడు అడిగి తీయండి. "నా మొగం యేముందిలే నాయనా" అంటూ కొంగు సర్దుకునే అవ్వ వద్దన్నట్టా, సరేనన్నట్టా? ఇంకోసారి అడగండి.

చివరగా, మూయడం ఎలాగో కూడా తెలియాలి. కొన్నాళ్ళు విరామం కావాలంటే 'డీయాక్టివేట్' నొక్కాలి. ఫొటోలు దాగుతాయి, పోవు. మళ్ళీ లాగినయితే అన్నీ తిరిగి వస్తాయి. పరీక్షల నెలలో నేను చేసేది అదే. పూర్తిగా తీసేయదలిస్తే 'డిలీట్'. నొక్కిన తర్వాత 30 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపల ఒక్కసారి లాగినయి వద్దనుకున్నా ఆగిపోతుంది. నొక్కేముందు మీ ఫొటోలన్నీ ఒక్క ఫైలుగా దించుకొనే వీలు సెట్టింగులలోనే ఉంది. ఆ ఫైలు లింకు మీ ఈమెయిలుకు వస్తుంది, నాలుగు రోజులే పనిచేస్తుంది. వచ్చిన రోజే దించుకోండి.